ఎదురెదురు బల్లలు

అమలాపురం బైపాస్ రోడ్డు మీది ఆ ప్రైవేటు ఆసుపత్రిలో అడుగుపెట్టగానే రెండు బల్లలు కనిపిస్తాయి. ఎడమవైపుది జాస్మిన్‌ది. ప్రభుత్వ కార్డు మీద వైద్యం చేయించుకోవడానికి వచ్చినవాళ్ళకి దారి చూపించే ఆరోగ్యమిత్ర ఉద్యోగం ఆమెది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతుంది గానీ, జనం నోట మాత్రం అది ఆరోగ్యశ్రీ బల్లే. కుడివైపు గాజు తలుపు అవతల, ఏసీ గదిలో సాయి కృష్ణ కూర్చుంటాడు. సొంత డబ్బు కట్టి కంపెనీల దగ్గర ఆరోగ్య బీమా తీసుకున్నవాళ్ళు అతని దగ్గరికి వెళ్తారు.

జాస్మిన్ ముందు తెల్లారేసరికే జనం. అల్లవరం వైపు నుంచి రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు, కొబ్బరికాయలు దింపేవాళ్ళు, నగరం అనే పల్లె నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చిన ముసలమ్మలు. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని కిందే కూర్చుంటారు. సాయి కృష్ణ దగ్గర నలుగురైదుగురే ఉంటారు. లాయర్లు, లెక్చరర్లు, చెరువుల యజమానులు. ఒకళ్ళ చేతిలో సంచీ, ఒకళ్ళ చేతిలో ఫోను. అయితే రెండు బల్లల ముందూ అడిగే మాట మాత్రం ఒకటే. "వస్తుందంటారాండీ?"

మధ్యాహ్నం వెనక వరండాలో క్యారేజీలు విప్పినప్పుడు ఇద్దరికీ రోజూ వాదనే.

"మీ దాంట్లో గొడవేంటంటేనండీ జాస్మిన్ గారూ," అనేవాడు సాయి కృష్ణ, "జబ్బు మీ లిస్టులో ఉండి తీరాలి. లేని జబ్బు చేస్తే వెళ్ళి ఉన్న జబ్బు తెచ్చుకోమంటారు."

"మీ దాంట్లో అయితే ఏ జబ్బూ లేనివాడికే మర్యాదలండి. జబ్బు చేసి వస్తే చాలు, ఎప్పట్నుంచి ఉందని ఆరా."

"మాకు సాయంత్రానికల్లా అనుమతి వచ్చేస్తుందండి. మీకో?"

"వస్తుందండి. కాస్త ముందూ వెనకా."

"ఆ కాస్తేనండి మరి!"

అతనన్నది అబద్ధం కాదని జాస్మిన్‌కి తెలుసు. కిందటేడు రమణి అనే ఆవిడ నరాల జబ్బుతో వస్తే, అది కార్డు కింద రాదని చెప్పి పంపించాల్సి వచ్చింది. ఆ రోజు జాస్మిన్ అన్నం తినలేదు. అదే వారంలో సుబ్రహ్మణ్యేశ్వరరావు గారనే కొబ్బరి వర్తకుడికి గుండె ఆపరేషనయితే, ఆయన కట్టుకున్న పాలసీ నుంచి ఒక్క ప్రశ్న కూడా లేకుండా అంతా వచ్చేసింది. ఆయన వెళ్తూ వెళ్తూ సాయి కృష్ణ తల మీద చెయ్యి వేసి దీవించి వెళ్ళాడు. ఆ రోజు జాస్మిన్ తన బల్ల దగ్గర్నుంచి అది చూసి సంతోషించింది. కొంచెం అసూయ కూడా పడింది.

వానలు పట్టిన ఒక పొద్దున సాయి కృష్ణ తన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. యజ్ఞనారాయణ గారు పొడుగాటి మనిషి. తడిసిన పంచె కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, ఎవరికీ తగలకుండా ఒదిగి నడుస్తున్నాడు. ఆయన ఊరు అమలాపురానికి కొద్ది దూరంలోని ఒక అగ్రహారం. చిన్నప్పటి నుంచి వేదం వల్లెవేసిన గొంతు ఆయనది. ఆయన చెప్పిన పాఠం విని నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఎన్నో గుళ్ళలో ఉన్నారు. ఆ గొంతే ఇప్పుడు చెక్క మీద గరుకు కాగితం రుద్దినట్టు వస్తోంది.

"ఎప్పట్నుంచండీ ఇలా?" అని అడిగాడు గొంతు డాక్టరు.

"మా ఇంట్లోవాళ్ళకి ఈ వేసవి నుంచే తెలుసండి. నాకైతే మూడేళ్ళ బట్టీ తెలుసు. ఓ రోజు స్వరం పైకి తీసుకెళ్ళాల్సిన చోట చిన్నగా జారింది. ఎవరూ గమనించలేదు."

డాక్టరు తల ఊపి, మూడేళ్ళుగా గొంతు బొంగురు అని రాసుకున్నాడు. గొంతులో చిన్న కంతి ఉందన్నాడు. ముక్క తీసి పరీక్షకి పంపించారు. అనుమానించినట్టే క్యాన్సరే అయింది. అయితే ఇంకా మొదట్లోనే ఉందనీ, వరసగా కొన్ని వారాలు రేడియేషన్, అదే కరెంటు పెడితే నయమయ్యే రకమేననీ, ఆలస్యం మాత్రం చెయ్యొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు.

సాయి కృష్ణ బెంగపడలేదు. రెండేళ్ళ కిందటే అమ్మకీ నాన్నకీ కలిపి తన చేత్తోనే పాలసీ రాయించాడు. కాగితాలు పంపించి, ఎంతోమందికి చెప్పినట్టే తనకి తనే చెప్పుకున్నాడు, సాయంత్రానికి వచ్చేస్తుందని.

సాయంత్రం జాస్మిన్ బల్ల సర్దుకుంటూ గాజు తలుపు వైపు చూసింది. సాయి కృష్ణ తన కుర్చీలో లేడు. బల్లకి ఇవతల, పేషెంట్లు కూర్చునే కుర్చీలో కూర్చుని, ఖాళీగా ఉన్న తన కుర్చీ వైపే చూస్తున్నాడు. జాస్మిన్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదలు.

"ఏమైందండీ?"

"రాదుటండి."

"అదేంటండీ!"

"పాలసీ వయసు రెండేళ్ళు. జబ్బు వయసు మూడేళ్ళని నాన్నగారే చెప్పేరు. పాలసీ రాయించేటప్పుడు జబ్బేం లేదని నేను రాసేను. నాకేం తెలుసండీ? ఇంకొకళ్ళయితే మొన్నటిదాకా బానే ఉందండీ అని ఉందురు. ఆయన చెవి అలాంటిది." చేతిలోని ఫోను బల్ల మీద బోర్లించాడు. "వాళ్ళని తిట్టడానికి కూడా లేదండి. ఇదే మాట ఎంతమందికి చెప్పేనో ఈ కుర్చీలో కూర్చోబెట్టి."

"మళ్ళీ చూడమని రాయండి."

"రాస్తానండి. వాళ్ళు చూసి జవాబు చెప్పేదాకా ఆ కంతి ఆగాలి గదా."

జాస్మిన్ అతని ఎదురుగా నిలబడింది. ఓదార్చడం ఆమెకి రాదు. పని చెయ్యడం వచ్చు.

"బాబాయి గారికి మా కార్డు ఉందాండీ?"

"సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇచ్చేరండి. అమ్మ దేవుడి గదిలో పెట్టింది. ఆయన ఒప్పుకోరు జాస్మిన్ గారూ. ఊరికే వచ్చేది ఆయనకి సరిపడదు."

"రేపు ఓసారి నా దగ్గరికి తీసుకురండి. నేనడుగుతాను."

మర్నాడు యజ్ఞనారాయణ గారు ఎడమవైపు బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకాలే ఆయన భార్య అచ్చయమ్మ గారు, చిన్న మనిషి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ. బల్ల ముందు కూర్చున్న, చేపలమ్ముకునే సువర్ణ అనే ఆవిడ గుండె జబ్బు మనిషయినా గబుక్కున లేచి కుర్చీ ఇవ్వబోయింది. ఆయన వద్దని చేత్తో వారించి నిలబడే ఉన్నాడు.

"చూడమ్మాయ్, నేను ఎవరి దగ్గరైనా పుచ్చుకుంటే మంత్రం చెప్పే పుచ్చుకున్నాను. చెప్పకుండా ఏనాడూ పుచ్చుకోలేదు. ఇప్పుడు చెప్పడానికి గొంతూ లేదు."

"ఇది ఊరికే ఇచ్చేది కాదండి బాబాయి గారూ. మీరు ముందే కట్టేసేరు."

"నేనా? పన్ను కట్టేంత రాబడి నాకెప్పుడుందమ్మా?"

"సబ్బు కొన్నారాండీ?"

"కొన్నాను."

"పంచెలు? చెప్పులు? గుడికి కర్పూరం?"

"కొనక?"

"అన్నిటిలోనూ కొంత ప్రభుత్వానికి పోతుందండి. మీరు పుట్టిన కాణ్ణించీ కొంటానే ఉన్నారు. అదే ఇది."

యజ్ఞనారాయణ గారు ఆలోచనలో పడ్డాడు. శాస్త్రంలో ఒక పట్టు దొరకనప్పుడు ఎలా చూస్తాడో అలా చూశాడు ఆమె వైపు.

"మరి నువ్వూ కట్టేవా?"

"ఆయ్. నేనూ కట్టేనండి."

"ఈవిడో?" అన్నాడు, సువర్ణ వైపు చూసి.

"నేను కూడానాండీ?" అని సువర్ణ జాస్మిన్‌ని అడిగింది. జాస్మిన్ తల ఊపితే, "అయితే నేనూ కట్టేనండి అయ్యగారూ" అంది గట్టిగా.

ఆయన హాల్లో ఉన్న జనాన్నందరినీ ఓసారి కలియజూశాడు. గోడకి ఆనుకున్నవాళ్ళని, కట్టు కట్టుకున్నవాళ్ళని, నిద్రపోతున్న పిల్లని ఒళ్ళో వేసుకున్న తల్లిని.

"అంటే వీళ్ళందరూ కూడబలుక్కుని నా గొంతు బాగు చేయిస్తారన్నమాట."

"మీరు ఈవిడ గుండె బాగు చేయించట్లేదాండీ?"

ఆయన నవ్వాడు. శబ్దం రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. అచ్చయమ్మ గారు కొంగులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ దాన్ని పొద్దున్నే దేవుడి గదిలోంచి తీసి తెచ్చుకుందని భర్తకి అప్పుడే తెలిసింది.

అనుమతి వచ్చింది. కానీ కాకినాడ ఆసుపత్రిలో కరెంటు పెట్టే యంత్రం దగ్గర వరస పెద్దదిగా ఉంది. కబురు చేస్తామన్నారు. రెండు వారాలు గడిచినా కబురు రాలేదు. సాయి కృష్ణ వెనక వరండాలోకి రావడం మానేశాడు. ఒక రోజు జాస్మినే వెళ్ళి పలకరిస్తే, అతను తలెత్తకుండా చెప్పాడు.

"విశాఖపట్నంలో ప్రైవేటులో అడిగేనండి. రేపు రండి, ఎల్లుండి మొదలెడతాం అన్నారు. ఇల్లు తాకట్టు పెడదామనుకుంటున్నాను."

జాస్మిన్ రెండు రకాలుగానూ ఆలోచించింది. వద్దంటే, ఈ ఆలస్యంలో ఆయనకేదైనా అయితే ఆ మాట తన మెడకి చుట్టుకుంటుంది. సరేనంటే, ఆ ఇల్లు పోతుంది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు చెబుతున్నది ఒక్క ముక్కా ఆమె చెవికెక్కలేదు. కళ్ళు మూసుకుని, వేదం చెప్పుకునే ఒక పెద్దాయన గొంతు కోసం ప్రార్థన చేసింది. దేవుడు ఏమనుకుంటాడోనన్న ఆలోచన ఆమెకి రానే లేదు.

ఇల్లు తాకట్టు మాట ఎత్తినప్పుడు యజ్ఞనారాయణ గారే ఒప్పుకోలేదు. "ఆ వరసలో ఉన్నవాళ్ళకి గొంతులు లేవురా? నా ముందున్నవాడు కూడా ఎవరికో తండ్రే," అన్నాడట. ఆ మాట జాస్మిన్‌కి చెప్పింది సాయి కృష్ణే. "ఆయనకి భయం లేదు జాస్మిన్ గారూ. అంతా నాకే."

జాస్మిన్ ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రమూ కాకినాడకి ఫోన్ చేసేది. వరస దాటించమని అడగలేదు. వరస ఎంతదాకా వచ్చిందని అడిగేది, అంతే. అక్కడి మనిషికి ఆమె గొంతు గుర్తు తెలిసిపోయింది. చివరికి ఒక సోమవారం, ఆమె చెయ్యకముందే అతనే చేశాడు. "మీ బాబాయి గార్ని పంపించండమ్మా."

ఇంతలో ఇంకో చిక్కు. కార్డు వైద్యం చేయిస్తుంది, పేషెంటుకి పడకా ఇస్తుంది. పక్కనుండే మనిషి ఎక్కడుండాలో దానికి పట్టదు. సాయి కృష్ణ పాలసీ ఒప్పుకున్నా దానికీ పట్టేది కాదు. అన్ని వారాలు అచ్చయమ్మ గారు కాకినాడలో ఎక్కడుండాలి? లాడ్జీలో ఒంటరిగా ఉంచలేరు. చుట్టాలు ఎవరూ లేరు.

"మా పెద్దమ్మ ఉందండి అక్కడ," అంది జాస్మిన్. అని, వెంటనే నాలిక్కరుచుకుంది. అచ్చయమ్మ గారి మడీ ఆచారమూ తను ఎరిగినవే. "అమ్మనడుగుతానండి," అన్నాడు సాయి కృష్ణ.

అచ్చయమ్మ గారు ఒక రాత్రంతా ఆలోచించి, సరేనంది.

పెద్దమ్మ దీనమ్మ రిటైరైన టీచరు. భర్త పోయాక రమణయ్యపేటలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. గట్టి గొంతు, గట్టి మనిషి. జాస్మిన్ ఫోన్ చెయ్యగానే బజారుకెళ్ళి కొత్త గిన్నెలు, కొత్త స్టవ్వు కొనుక్కొచ్చి, ముందుగదిలో ఓ మూల పెట్టింది. "ఇవి ఇంకా ఎవరూ ముట్టుకోలేదండి వదిన గారూ. మీ వంట మీరే చేసుకోండి. నేను గడప దాటి ఇటు రాను," అని చెప్పింది వచ్చిన రోజే. అంతేకాదు, చేపల పులుసు లేకపోతే ముద్ద దిగని మనిషి, ఇంట్లో నీచు వండడం మానేసింది. మరీ ఉండబట్టకపోతే పక్కింటికి వెళ్ళి తిని, నోరు పుక్కిలించుకుని వచ్చేది.

మొదట్లో ఇద్దరి మధ్యా మర్యాద మాటలే. "లేచేరాండీ?" "లేచేనండి." "బస్సు దొరికిందాండీ?" "దొరికిందండి." మెల్లగా యజ్ఞనారాయణ గారు కూడా, డాక్టర్లు ఒప్పుకున్నాక, పగలు కరెంటు పెట్టించుకుని సాయంత్రానికి అక్కడికే రావడం మొదలుపెట్టాడు. ఆయన్ని మాట్లాడొద్దన్నారు. దీనమ్మ సాయంత్రం ప్రార్థనలో కీర్తన పాడుతుంటే, ఆయన వరండాలో కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూ కూర్చునేవాడు. ఆవిడ ఎక్కడైనా తాళం తప్పితే వేలు గాలిలో ఆగిపోయేది. దీనమ్మ అది చూసి, మళ్ళీ మొదటి నుంచి అందుకునేది.

సగం వైద్యం అయ్యేసరికి ఆయన గొంతు లోపలంతా పుండైపోయింది. మంచినీళ్ళు మింగాలన్నా కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఆయన మింగలేని అన్నం తనకి మాత్రం ఎలా సహిస్తుందని అచ్చయమ్మ గారు వండుకోవడం మానేసింది. దీనమ్మ గడప ఇవతల నుంచి రెండు రోజులు చూసింది. మూడో రోజు మధ్యాహ్నం అచ్చయమ్మ గారు ఎండలో బస్సు దిగి వచ్చి, గుమ్మం మెట్టు మీదే కూలబడిపోయింది. దీనమ్మ లోపలికి వెళ్ళి, తన వంటింట్లో, తన గిన్నెలో సగ్గుబియ్యం జావ కాచి, తను రోజూ టీ తాగే స్టీలు గ్లాసులో పోసి తెచ్చింది. మెట్టు మీద పక్కన కూర్చుంది.

"మీరు పడిపోతే ఆయన్ని ఎవరు చూసుకుంటారండీ? తాగండి."

అచ్చయమ్మ గారు ఆ గ్లాసు వైపు చూసింది. దీనమ్మ చేతి వైపు చూసింది. తరవాత రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఆగకుండా తాగేసింది.

"ఇంకొంచెం ఉందాండీ?" అంది.

ఆ సాయంత్రం దీనమ్మ జాస్మిన్‌కి ఫోన్ చేసింది. "మీ అచ్చయమ్మ గారు ఇవాళ నా చేతి జావ తాగేరే," అని చెప్పింది. ఆ గట్టి గొంతు ఎందుకో వణికింది. మర్నాటి నుంచి కొత్త స్టవ్వు అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఒక్క వంటింట్లోనే కూరలు తరుక్కునేవారు.

వైద్యం పూర్తయింది. పుండు మానడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. కార్తీకం నాటికి మళ్ళీ పరీక్ష చేసి, కంతి జాడ లేదనీ, అయినా తరచూ వచ్చి చూపించుకుంటూ ఉండమనీ చెప్పారు. సాయి కృష్ణ కంపెనీకి రాసిన దానికి జవాబు కూడా ఆ నెలలోనే వచ్చింది. ఎంతో మర్యాదగా, మళ్ళీ కాదనే. అయినా అమ్మ పేరు మీద పాలసీ అతను మానలేదు. "అమ్మకి రేపేదైనా అయితే వరసలో నిలబెట్టే ధైర్యం నాకు లేదండి," అన్నాడు జాస్మిన్‌తో. ఆమె ఈసారి వాదించలేదు. అతనిలో ఒక్కటి మాత్రం మారింది. ఎవరికైనా రాదని చెప్పాల్సి వస్తే బల్ల అవతల నుంచి చెప్పడం లేదు. లేచి వచ్చి, పక్క కుర్చీలో కూర్చుని చెప్తున్నాడు. కొన్నిసార్లు వాళ్ళని తనే వెంటబెట్టుకుని ఎడమవైపు బల్ల దగ్గరికి వస్తున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అచ్చయమ్మ గారు దీనమ్మనీ జాస్మిన్‌నీ భోజనానికి పిలిచింది. కాకినాడ నుంచి దీనమ్మ పొద్దున్నే బయల్దేరి వచ్చింది. అందరికీ ఒకే వరసలో అరిటాకులు వేసింది అచ్చయమ్మ గారు. పనసపొట్టు కూర, కందిపొడి, కొబ్బరి పచ్చడి. వడ్డిస్తూ వడ్డిస్తూ దీనమ్మ ఆకు దగ్గర ఆగి, "మా ఇంట్లో మీ చేపల పులుసు ఉండదండి, ఎలా తింటారో ఏమో," అంటే దీనమ్మ పెద్దగా నవ్వింది.

భోజనాలయ్యాక యజ్ఞనారాయణ గారు వరండాలో కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు. ఆయనే కళ్ళు మూసుకుని వేదంలోంచి ఒక పనస చెప్పడం అందుకున్నాడు. మొదటి మాటలు బాగానే వచ్చాయి. స్వరం పైకి వెళ్ళాల్సిన చోట గొంతు విరిగిపోయింది. ఆగాడు. వంటింటి గుమ్మంలో అచ్చయమ్మ గారు కదలకుండా నిలబడిపోయింది. ఆయన ఊపిరి తీసుకుని, ఈసారి బాగా కింది స్థాయిలో, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో మళ్ళీ మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే మోసుకెళ్తున్నట్టు, చివరిదాకా వెళ్ళాడు. సాయి కృష్ణ స్తంభం వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"పాత గొంతు పోయిందండి," అన్నాడు ఆయన, కళ్ళు తెరిచి. "ఇది ఎవరిదో. మొద్దుగా ఉంది."

"మొద్దు ఎందుకండీ, లావుగా, నిండుగా ఉంది," అంది దీనమ్మ. "మా చర్చి పాటల బృందంలో ఇలాంటి కింది గొంతు కోసమేనండి ఎప్పట్నుంచో చూస్తున్నాం."

"ఆదివారాలు నాకూ ఖాళీయేనండి," అన్నాడాయన. ఈసారి ఆయన నవ్వు అందరికీ వినిపించింది.

పొద్దువాలుతుండగా సాయి కృష్ణ వాళ్ళని బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. దీనమ్మ అచ్చయమ్మ గారిచ్చిన పచ్చడి సీసా గుండెకి అదుముకుని ముందు నడుస్తోంది. వెనక వీళ్ళిద్దరూ. కాలవలో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

"జాస్మిన్ గారూ," అన్నాడు అతను చివరికి.

"చెప్పండి."

"నేను మిమ్మల్ని గారు అనడం మానెయ్యొచ్చాండీ?"

ఆమె నడక కొంచెం తగ్గింది. "గారు మానేసి, అండీ ఉంచుతారాండీ?"

"అండీ మన చేతిలో లేదండి. అది పుట్టుకతో వచ్చేసింది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ముందు వెళ్తున్న దీనమ్మ వెనక్కి తిరిగి చూసి, ఏమీ చూడనట్టే మళ్ళీ నడిచింది. మలుపులో బస్సు హారన్ వినిపించింది. జాస్మిన్ పరుగెత్తలేదు.

"ఇంకోటి వస్తుంది గదా," అంది. "దాంట్లో వెళ్తాం లెండి, సాయీ."